నాయన చూసిన హెలికాప్టర్

మా నాయన నన్ను ఇన్నేళ్లలో గట్టిగా అడిగింది ఒక్కటే. "పైనుంచి చూస్తే మనిషి కనపడతాడా?"

ముత్తుకూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో మీటర్లు సరిచేసే ఉద్యోగం నాది. సెలవు రోజుల్లో డ్రోన్లు కట్టి ఎగరేయడం నా పిచ్చి. ఇంత తెలిసినవాణ్ణి ఆ పాటి ప్రశ్నకు జవాబు చెప్పలేనా అనుకున్నాను. తెలియదు అని చెప్పి ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

పన్నెండేళ్ల కిందట నాయన, చిన్నాయన ఇద్దరే ఫైబర్ బోటులో వేటకు పోయారు. నడిసముద్రంలో ఇంజను చచ్చిపోయింది. గాలి మారి బోటు దక్షిణానికి కొట్టుకుపోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక హెలికాప్టర్ వచ్చింది. బోటు మీద ఒక చుట్టు తిరిగింది. తిరిగి, వచ్చిన దారినే పోయింది. ఐదో రోజు పొద్దున తమిళనాడు పడవవాళ్లు చూసి లాక్కొచ్చేటప్పటికి ఆ బోటులో ప్రాణంతో ఉన్నది నాయన ఒక్కడే. చిన్నాయన అంతకుముందు రోజే దప్పికతో పోయాడు. హెలికాప్టర్ ఎవరిదో, ఎందుకు వచ్చిందో ఈరోజు వరకూ మాకు తెలియదు.

నాయన ఈ కథ ఎప్పుడు చెప్పినా ఒకే తీరుగా చెప్పేవాడు. "నెత్తిమీదికొచ్చినాది. మేమిద్దరం లేచి నిలబడి దండం పెట్టినాం. చూసినారు. చూసి పోయినారు." ఊళ్లో సగం మంది ఆ పైలట్‌ను తిట్టేవాళ్లు. తక్కిన సగం మంది నాయన వెనకాల నవ్వేవాళ్లు. దప్పికతో కళ్లు తిరిగినోడికి కొంగ కూడా హెలికాప్టర్ మాదిరే ఉంటుందని ఒకాయన మా ఇంటి అరుగు మీద కూర్చునే అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు. నేనూ నమ్మలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నోటితో అనలేదు, అంతే తేడా.

నమ్మినా నమ్మకపోయినా ఆ ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే తిష్ట వేసింది. చూసి పోయారా, చూడక పోయారా? చూసి పోతే వాళ్ల పాపం. చూడకపోతే ఎందుకు చూడలేదు? ఆకాశంలో ఏ మోత వినిపించినా నాయన వల కుట్టడం ఆపి లోపలికి పోయేవాడు. మోత పోయిందాకా బయటికి వచ్చేవాడు కాదు.

పోయిన ఏడాది నేనొక డ్రోన్ కట్టి, తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరికి తీసుకెళ్లాను. నేను పనిచేసే చోట పోర్టు ఉంది, దాని చుట్టుపక్కల ఎగరనివ్వరు కాబట్టి నాకు మా ఊరే గతి. ఇంటి ముందు ఎగరేసి, దానికున్న కెమెరా బొమ్మను ఫోన్లో చూపించాను. నాయన ఫోను చూడలేదు, డ్రోన్‌నే చూశాడు. అప్పుడే అడిగాడు ఆ ప్రశ్న.

"కనపడతాడు నాయనా. ఇదో చూడు, నువ్వే," అన్నాను.

"ఇది ఈగ," అన్నాడు. "ఈగకి అన్నీ కనపడతాయి. ఆరోజు వచ్చింది ఈగ కాదు. హెలికాప్టరు చెయ్యి, అప్పుడు నమ్ముతా."

కెమెరా కెమెరానే, దాని చుట్టూ ఏ బొమ్మ ఉంటే ఏముంది అని వాదించాను. మా నాయనతో వాదన గోడతో వాదన ఒకటే. పోనీ నిజమైన రేడియో హెలికాప్టర్ కట్టేద్దామంటే, ఒకే ఒక్క పెద్ద ఫ్యాను మీద దాన్ని గాలిలో నిలపడం నాలాంటి వాడి చేత కాదు. సముద్రపు గాలిలో అసలు కాదు. చివరికి ఒక దొంగ దారి పట్టుకున్నాను. లోపల నాలుగు ఫ్యాన్ల డ్రోన్, పైన హెలికాప్టర్ తొడుగు. నడినెత్తిన ఒక పెద్ద ఫ్యాను, అది ఊరికే గాలికి తిరుగుతుంది. డ్రోన్ చేతులు నాలుగూ తొడుగు పక్కలనుంచి బయటికి పొడుచుకొచ్చి, వాటి చివర అసలు ఫ్యాన్లు.

కాగితం మీద గీసి చూపిస్తే నాయన చాలాసేపు చూశాడు. "మోసేది ఏది?"

"ఈ నాలుగు చిన్నవి."

"మరి పైన పెద్దది?"

"చూపుకి."

"మన చేపల సంఘం మాదిరి," అన్నాడు. "పెద్దోడు పైన కూర్చోని తిరగతా ఉంటాడు, చిన్నోళ్లు మోస్తా ఉంటారు." పన్నెండేళ్లలో ఆ సంగతి మీద ఆయన వేసిన మొదటి హాస్యం అది. నాకు కడుపు నిండిపోయింది. నేను సరైన పనే చేస్తున్నానని ఆ నవ్వు చూసే అనుకున్నాను.

తొడుగు తానే చేస్తానన్నాడు. ఫైబర్ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. పగిలిన బోట్లకు పీచు గుడ్డ పరిచి, రెజిన్ పూసి అతికించడంలో మా తీరంలో ఆయనకు పేరుంది. థర్మకోల్ దిమ్మెను నేను హెలికాప్టర్ ఆకారంలో కోసి ఇచ్చాను. ఆయన దానిమీద గుడ్డ పరిచాడు. వారం తర్వాత నేను వచ్చి ఎత్తి చూస్తే రుబ్బురోలు ఎత్తినట్టుంది.

"ఎన్ని పొరలేసినావు నాయనా?"

"నాలుగు. ముక్కు కాడ ఐదు. అల తగిలేది ముక్కుకే గదా."

"దీనికి అల ఎందుకు తగులుతుంది?"

"సముద్రం మీద తిరిగేదేదైనా ఎప్పుడో ఒకరోజు నీళ్లల్లో పడాల్సిందే," అన్నాడు.

అయినా దాన్నే ఎగరేయడానికి ప్రయత్నించాను. మోటార్లు నాలుగూ గొంతు చించుకుని అరిచాయి తప్ప యంత్రం నేలను వదల్లేదు. ఒక మోటారు మాడి పొగ కూడా వచ్చింది. నాయన మోటారు వంక అనుమానంగా చూశాడు, తన పొరల వంక కాదు. గాలిలో ఎగిరేదానికి బరువే శత్రువని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బరువున్న బోటే నిలకడగా ఉంటుందని బతుకంతా నమ్మినవాడాయన. ఆయన నాలుగు పొరల పనిని పక్కన పెట్టి రెండోది ఒకే పొరతో చేయమన్నప్పుడు ముఖం మాడ్చుకున్నాడు. చేశాడు గానీ, చేసినంతసేపూ "ఇది కోడిగుడ్డు పెంకు" అని సణుగుతూనే ఉన్నాడు.

రంగు దగ్గర ఇంకో పేచీ. తెల్లది, నడుమ ఎర్ర పట్టీ అన్నాడు నాయన. "అప్పుడు నారింజ రంగని చెప్పినావు గదయ్యా," అంది అమ్మ. నాయన బ్రష్షు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. దొరకలేదు. ఇన్నేళ్లూ ఆయన ప్రాణంలా కాపాడుకున్న సాక్ష్యం అదొక్కటే, అది కూడా చేతిలోంచి జారుతోందని ఆయన ముఖంలోనే తెలిసింది. నేను గబగబా తెలుపే అన్నాను. నేను చూసింది లేదు, పెట్టింది లేదు.

మొదటిసారి బయట ఎగరేసిన రోజు యంత్రం బాగానే లేచింది. నాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఉన్నచోట నిలిచే మీట నొక్కగానే అది నిలవకుండా మెల్లగా సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టుకూ సున్నా పెద్దదవుతోంది. నా రిమోట్ మాట వినడం లేదు. దానంతటది నడిచే మీటలన్నీ ఆపేసి, పూర్తిగా చేతి మీదికి తీసుకుని, ఎలాగో ఇసుకలో కూలేశాను. తోక విరిగింది.

తొడుగు విప్పి చూస్తే లోపల, డ్రోన్‌కు దిక్కు చెప్పే చిన్న దిక్సూచి ముక్క పక్కనే, నల్లదారంతో చుట్టిన ఇనప మేకు! కొత్త బోటు నీళ్లలోకి దింపేటప్పుడు దిష్టి తగలకుండా ఇంటి ఆడవాళ్లు ముక్కు లోపల మేకు కట్టడం మా వాళ్ల ఆనవాయితీ. దిక్సూచి పక్కన ఇనుము పెడితే దానికి తల తిరగక ఏమవుతుంది? నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు కట్టమన్నారమ్మా దీన్ని? రెండు నెలల కష్టం!"

అమ్మ తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కొంగుతో ఆ మేకుకు అంటిన ఇసుక తుడిచింది. "ఆ బోటు దించే రోజు కట్టలేదు అబ్బయ్యా," అంది. "మర్చిపోయినా. ఇంటి పనిలో పడి మర్చిపోయినా. మీ చిన్నాయన పోయినప్పటినుంచీ అదే అనుకుంటా ఉండా."

పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ మేకు సంగతి అమ్మ నాయనకు కూడా చెప్పలేదు. ఆయన ఆమె వంక చూశాడు. నేను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకునే వీలు లేదు. తోక అతికించుకుంటూ కూర్చున్నాను.

సంక్రాంతి దాటి గాలి కాస్త తగ్గాక మళ్లీ పూనుకున్నాం. ఈసారి నాయనే షరతులు పెట్టాడు. ఇసుకలో నిలబడితే లెక్కలోకి రాదు, బోటులోనే నిలబడాలి, బోటు నీళ్లమీదే ఉండాలి. సముద్రంలోకి మాత్రం నేను ఒప్పుకోలేదు. మా ఊరి పక్కన ఉప్పుటేరు ఉంది. అక్కడ నీళ్లు కదలవు. గెడ వేసుకుంటూ పోయి ఏటి నడుమ లంగరు వేసి, బోటులో ఒక్కడే లేచి నిలబడ్డాడు. పొద్దున తొమ్మిది గంటలై ఉంటుంది. గట్టు మీద అమ్మ చేపలు ఎండేసుకుంటోంది.

"ఆరోజు ఎట్టా నిలబడ్డావో అట్టానే నిలబడు నాయనా," అని గట్టు మీదనుంచి కేకేశాను. ఆ మాట నాదే. ఎవరూ చెప్పమనలేదు.

హెలికాప్టర్ లేచింది. కింద నిలబడి చూసేవాడికి నాలుగు చిన్న ఫ్యాన్లు ఆ వేగానికి కనిపించవు, పెద్దది ఒక్కటే ఠీవిగా తిరుగుతూ కనిపిస్తుంది. తెల్లగా, ఎర్ర పట్టీతో, చూడముచ్చటగా పోతోంది. నాకు గర్వమేసింది, అబద్ధమెందుకు. బోటు మీదికి తీసుకెళ్లి ఆపాను. "ఇంకా పైకి!" అని నాయన అరుపు. పైకి లేపాను. "ఇంకా!" ఆయన చాలన్నంత ఎత్తు చేరాక ఫోన్లోకి చూశాను.

బోటు వేలెడంత ఉంది. దానిలో ఒక నల్లటి చుక్క. అది ఆయన తల. తల పక్కన రెండు భుజాలు. అంతే. తలెత్తి ఏటి వైపు చూస్తే నాయన రెండు చేతులూ జోడించి, ముఖం పైకెత్తి, కదలకుండా దండం పెడుతున్నాడు. మళ్లీ ఫోన్లోకి చూశాను. ఫోన్లో దండం లేదు. జోడించిన చేతులు గుండెకు ఆనుకుని ఉంటే పైనుంచి చూసేవాడికి ఏం కనపడుతుంది? ఎవరో ఒకాయన తన పడవలో తాను నిమ్మళంగా నిలబడి ఉన్నాడు, ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

ఆ బొమ్మలో గట్టు కూడా ఒక మూల పడింది. అక్కడ ఎర్రగా ఏదో టపటపా కొట్టుకుంటోంది. ఎంత చిన్నదైనా కన్ను దానిమీదికే పోతోంది. అమ్మ పాత ఎర్ర చీర ముక్కతో చేపల మీద వాలే కాకుల్ని తోలుతోంది.

యంత్రాన్ని గట్టుకు తెచ్చి దించాను. నాయన గెడ వేసుకుంటూ వస్తున్నాడు. ఆ కాస్త దూరం ఆయన వచ్చేలోగా ఫోన్లో ఉన్నది చెరిపేయొచ్చు. రికార్డు కాలేదు, ఇంకోసారి చూద్దాం అనొచ్చు. నేను ఆ మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డాను. నొక్కలేకపోయాను. ధైర్యం చాలక నొక్కలేదో, చెరపడం తప్పనిపించి నొక్కలేదో నాకు ఈరోజుకీ తెలియదు.

"కనపడ్డానా?" మోకాళ్ల లోతు నీళ్లలో ఉండగానే అడిగాడు.

"కనపడ్డావు నాయనా. బాగా కనపడ్డావు."

"దండం?"

నేను ఫోను ముందుకు చాపాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. అరచేయి అడ్డం పెట్టుకుని మొత్తం చూశాడు. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి చూసేటప్పుడు వేలితో ఆ మూల చూపించాడు.

"ఎవురది?"

"అమ్మ. కాకుల్ని తోల్తా ఉండాది."

"మీయమ్మ కనపడతా ఉండాది," అన్నాడు. "నేను నిలబడుకోని ఉండా, అంతే."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. నేను ఏదో చెప్పబోయాను. ఆరోజు ఎండ వేరు, వాళ్ల కళ్లద్దాలు వేరు, ఇది చిన్న కెమెరా అని. ఆయన వినడం లేదు. ఆ తర్వాత, ఈ పన్నెండేళ్లలో ఎవరికీ చెప్పని ముక్క చెప్పాడు.

"మీ చిన్నాయన తుండు తీసినాడు. నెత్తిమీద తిప్పతా ఉండాడు, గట్టిగా అరస్తా. నేనే చెయ్యి పట్టుకోని దించినా. ఊపబాకరా, మనల్ని కాపాడనీకి వచ్చినోళ్లురా, పెద్దోళ్లని కుక్కని పిల్చినట్టు పిలస్తావా, దండం పెట్టు అన్నా. నా మాట ఎప్పుడు కాదన్నాడు వాడు? తుండు బుజానేసుకోని దండం పెట్టినాడు."

అమ్మ చేతిలో ఎర్ర గుడ్డ అలాగే ఉంది. కాకులు చేపల మీద వాలుతున్నా ఆమె చూడటం లేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీదే. చూసి పోయినారు అని, ఎవరో తెలియని వాళ్లను తిట్టుకుంటూ ఆ మనిషి ఇన్నాళ్లు బతికాడు. ఆ తిట్టే ఆయనకు ఊతం. నేను నెలల తరబడి కష్టపడి, తోక అతికించి, రంగు పూసి, ఆ ఊతాన్ని పీకేశాను. ఇదీ నా చదువు చేసిన ఉపకారం.

"ఇంకోసారి ఎగరెయ్యి," అన్నాడు నాయన లేచి.

"వద్దు నాయనా. బ్యాటరీ అయిపోవచ్చినాది."

"ఉన్నంత మటుకే ఎగరెయ్యి."

కాదనలేకపోయాను. మా ఇంట్లో ఆయన మాట కాదన్నవాళ్లెవరూ లేరని అప్పుడే కదా విన్నాను. ఆయన మళ్లీ బోటులోకి పోయి, ఏటి నడుమకు చేరి, లంగరు వేశాడు. నేను యంత్రాన్ని ఆయన నెత్తిమీదికి తీసుకెళ్లాను. ఈసారి ఆయన పైకి పైకి అని అరవలేదు. భుజం మీది తుండు తీసి తిప్పడం మొదలుపెట్టాడు. రెండు చేతులతో, ఒళ్లంతా ఊగిపోయేలా తిప్పుతున్నాడు. ఫోన్లో ఎంత స్పష్టంగా కనపడుతోందంటే, గుడ్డివాడు తప్ప ఎవరైనా చూస్తారు. ఎవరైనా దిగి వస్తారు.

బ్యాటరీ కూత వేసింది. ఇక నిమిషం కన్నా ఆగదు. అది దిగాలంటే గట్టు మీదే దిగాలి, ఏటి నడుమ దానికి చోటు లేదు. గట్టుకు రావాలంటే ఆయన్ని వదిలి ఇటు తిరగాలి. ఆ సంగతి నాకు ఆ క్షణం వరకూ తట్టలేదు. ఇంకొక్క క్షణం ఆపి చూశాను. కూత ఎక్కువైంది. వేరే దారి లేక బొటనవేలు వెనక్కి లాగాను.

హెలికాప్టర్ తోక ఆయన వైపు తిప్పుకుని, వచ్చిన దారినే బయల్దేరింది. ఫోన్లో ఇప్పుడు గట్టూ, అమ్మా, నేనూ ఉన్నాం. తలెత్తి ఏటి వైపు చూశాను. నాయన తుండు దించలేదు. ఇంకా గట్టిగా తిప్పుతూ, బోటు ఊగిపోతుంటే కాళ్లు ఎడం చేసి నిలదొక్కుకుంటూ, తన పక్కకు తిరిగి గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఊపరా! దండం వద్దు, ఊపు! పోతా ఉండారు, ఊపరా!"

బోటులో ఆయన ఒక్కడే ఉన్నాడు.